గాలిని గుద్దడం ఎలా: మోషన్ కంట్రోల్ బాక్సింగ్ గేమ్స్ మొదలుపెట్టేవారికి

మొదటిసారి మోషన్ కంట్రోలర్లు పట్టుకుని బాక్సింగ్ గేమ్ ఆడిన రోజు 20 నిమిషాల్లో వరసగా నలుగురిని పడగొట్టాను. ఒళ్లంతా చెమట, మొహం నిండా గర్వం. మర్నాడు పొద్దున పళ్లు తోముకుందామని చెయ్యి ఎత్తితే మోచేయి కలుక్కుమంది. వారం రోజులు నీళ్ల బిందె కాదు కదా, గ్లాసు ఎత్తాలన్నా ఎడమ చేతినే నమ్ముకోవాల్సి వచ్చింది. తెర మీద పడిపోయిన నలుగురూ హాయిగానే ఉన్నారు.

జరిగింది ఇదీ. బాక్సింగ్ సంచిని గుద్దితే ఆ సంచి మీ పిడికిలిని ఆపుతుంది. గాలిని గుద్దితే ఆపేదేమీ ఉండదు. చెయ్యి సాగినంత సాగి, చివరికి మోచేయి కీలు దగ్గర టక్కున ఆగుతుంది. ఆ కుదుపంతా కీలే భరించాలి. కాబట్టి ఈ ఆటల్లో పిడికిలికి బ్రేకు వేయాల్సింది మీరే. కింద చెప్పే ప్రతి పనీ, అంటే స్థలం చూసుకోవడం, పట్టీ కట్టుకోవడం, ఏ సామాను కొనాలో తేల్చుకోవడం, పంచ్ కొట్టే తీరు, అన్నీ ఈ బ్రేకు చుట్టూనే తిరుగుతాయి.

ముందు, మీ దగ్గరున్న యంత్రం ఏం చూస్తుందో తెలుసుకోండి

దీన్ని దాటేసి ఆటలోకి దూకేవాళ్లే ఎక్కువ. తర్వాత "నేను కొట్టినా తగలట్లేదు" అని కంట్రోలర్‌ను తిట్టుకుంటారు. ఒక్కో యంత్రం మీ చేతిని ఒక్కో విధంగా గమనిస్తుంది. అది తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

2006లో వచ్చిన నింటెండో వీ (Wii) కన్సోల్‌తో పాటు చాలా దేశాల్లో వీ స్పోర్ట్స్ అనే ఆట కూడా ఇచ్చారు. అందులోని బాక్సింగ్‌కు కుడి చేతిలో రిమోట్, ఎడమ చేతిలో నన్‌చక్ (రిమోట్‌కు తీగతో తగిలించే రెండో కంట్రోలర్) పట్టుకోవాలి. రెండింటిలోనూ యాక్సిలరోమీటర్ ఉంటుంది. చెయ్యి ఎక్కడుందో దానికి తెలియదు. వేగంలో వచ్చే మార్పు, వంపు మాత్రమే తెలుస్తాయి. అందుకే అది పంచ్‌ను గుర్తించేది రెండు ఆనవాళ్లతో: కదలిక హఠాత్తుగా మొదలవడం, హఠాత్తుగా ఆగడం. చేతులు గిరగిరా తిప్పేస్తే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో దానికి అంతుపట్టదు. బలం మీద బలం పెట్టి ఊపేవాడు ఓడిపోవడం, పక్కన చిన్న పిల్ల పొట్టి పొట్టి గుద్దులతో గెలవడం ఈ ఆటలో తరచూ కనిపించే దృశ్యమే.

నింటెండో స్విచ్ జాయ్-కాన్‌లలో (పక్కల నుంచి ఊడదీసి చేత పట్టుకునే చిన్న కంట్రోలర్లలో) యాక్సిలరోమీటర్‌తో పాటు గైరోస్కోప్ కూడా ఉంటుంది. మణికట్టు మెలిక కూడా తెలుస్తుందన్నమాట. అయినా మీ పాదాలు ఎక్కడున్నాయో, నడుము తిరిగిందో లేదో దానికి కనిపించదు. సోఫాలో కూర్చుని మణికట్టు ఆడించినా ఫిట్‌నెస్ బాక్సింగ్ అనే ఆట "భలే" అనేస్తుంది. దాన్ని మోసం చేయడం తేలిక. మోసం చేసి మీకు ఒరిగేదేమిటో మీరే చూసుకోండి.

మెటా క్వెస్ట్ లాంటి, కళ్లను పూర్తిగా కప్పి ఆట లోకాన్ని చూపే వీఆర్ హెడ్‌సెట్ల తీరు వేరు. హెడ్‌సెట్ మీద ఉన్న కెమెరాలు కంట్రోలర్ నుంచి వచ్చే పరారుణ కాంతి చుక్కలను చూసి, చెయ్యి ఎక్కడుందో లెక్కగడతాయి. తల ఎక్కడుందో కూడా తెలుసు కాబట్టి పక్కకు తప్పుకోవడం, వంగడం నిజంగానే పనికొస్తాయి. కెమెరాకు కనపడని చోట మాత్రం చిక్కు వస్తుంది. చేతిని తల వెనక్కి తీసుకెళ్లినా, ఒక చెయ్యి ఇంకో చేతికి అడ్డొచ్చినా క్షణకాలం చెయ్యి ఎక్కడికో ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. భుజం వెనక నుంచి గొడ్డలి ఎత్తినట్టు కొట్టే పంచ్ ఇందుకే పనికిరాదు.

పాత ఎక్స్‌బాక్స్ కైనెక్ట్ ఇంట్లో ఉంటే చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు, కెమెరానే మీ ఒళ్లంతా చూస్తుంది. 2010లో వచ్చిన కైనెక్ట్ స్పోర్ట్స్‌లో బాక్సింగ్ ఉంది. దూరం మాత్రం ఎక్కువ కావాలి: ఒక్కరు ఆడాలంటే సెన్సర్ నుంచి 1.8 మీటర్లు, ఇద్దరికైతే 2.4 మీటర్లు.

కొనబోయేవారికి ఒక మాట. నింటెండో స్విచ్ స్పోర్ట్స్ పేరు చూసి పాత వీ బాక్సింగ్ ఇందులోనూ ఉంటుందనుకుని కొనేవాళ్లున్నారు. అందులో బాక్సింగ్ లేదు. స్విచ్‌లో గుద్దులాట కావాలంటే ఫిట్‌నెస్ బాక్సింగ్ వరస ఆటలు గానీ, 2017లో వచ్చిన ఆర్మ్స్ గానీ చూడండి. కంట్రోలర్లు ఊడిరాని స్విచ్ లైట్ ఉంటే జాయ్-కాన్‌లు విడిగా కొనాలి. వాటిని లైట్‌కు తగిలించి చార్జ్ చేయడం కుదరదు కాబట్టి చార్జింగ్ ఏర్పాటు కూడా విడిగా చూసుకోవాలి.

స్థలం: టేపు పట్టుకుని కొలవండి

కంటి లెక్క నమ్మకండి. ఆట మధ్యలో ప్రతి ఒక్కరూ తెలియకుండానే ముందుకు జరుగుతారు. ఎదుటివాడు వెనక్కి తగ్గితే మన కాలు దానంతటదే వెంటపడుతుంది.

ఆడబోయే చోట మధ్యలో నిలబడి రెండు చేతులూ బార్లా చాచి ఒక చుట్టు తిరగండి. ఏమీ తగలకపోతే అదే స్థితిలో ముందుకు, వెనక్కి, రెండు పక్కలకు ఒక్కో అడుగు వేసి మళ్లీ తిరగండి. ఇప్పుడు చేతులు పైకెత్తి మునివేళ్ల మీద లేవండి. ఫ్యాను, వేలాడే దీపం చేతికి అందుతుంటే చోటు మార్చండి. అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే పంచ్) కొట్టినప్పుడు పిడికిలి ఆగేది గడ్డం ఎత్తులోనే అనుకుంటాం గానీ, ఉత్సాహంలో అది నెత్తి దాటి పోతుంది.

టీవీ ముందు ఆడే ఆటలకు పెద్ద చోటేమీ అక్కర్లేదు. టీవీకీ మీకూ మధ్య మాత్రం రెండు మీటర్లైనా ఉండనివ్వండి. వీఆర్‌కు క్వెస్ట్ సూచించేది 2 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు ఖాళీ నేల. ఈ ఖాళీ చుట్టూ గీత గీసుకునే ఏర్పాటు హెడ్‌సెట్‌లో ఉంటుంది, గీత దగ్గరికి వెళ్తే గోడ జాలీలా మెరుస్తుంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. పిడికిలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. కన్ను చూసి, మెదడు వద్దని చెప్పి, చెయ్యి వినడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఆలోపు పిడికిలి ఒక మీటరు ముందుకెళ్లిపోతుంది. గీత మెరిసిందని తెలిసేసరికి వేళ్లు గోడకు తగిలి ఉంటాయి. అందుకే గీతను గోడకు ఆనించి కాకుండా చెయ్యి పొడవంత లోపలికి గీయండి. అంత చోటు లేకపోతే వీఆర్ బాక్సింగ్ ఆ గదిలో వద్దు, నిర్మొహమాటంగా చెప్తున్నాను. చెక్క తలుపుకు తగిలిన నా వేలి కణుపుల మాట ఇది.

ఖాళీ మధ్యలో ఒక చిన్న చాప ముక్కో, పలుచటి రబ్బరు మ్యాటో పరిచి ఉంచండి. కాళ్లకు చెప్పుల్లేకుండా ఆడితే, చాప అంచు పాదానికి తగలగానే మధ్య నుంచి జరిగానని అర్థమవుతుంది. కళ్లు మూసుకుపోయిన ఆటలో పాదమే మీ కన్ను. జారే చాప మాత్రం వద్దు.

పిల్లలు, కుక్కలు, పిల్లుల సంగతి వేరే చెప్పాలా? హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి వాళ్లు కనిపించరు. నడుము ఎత్తులో ఉన్న పసివాడి తల సరిగ్గా హుక్ (పక్క నుంచి తిప్పి కొట్టే పంచ్) తిరిగే దారిలో ఉంటుంది. తలుపు మూసుకోండి, లేదా గదిలో ఒక పెద్ద మనిషిని కాపలా పెట్టండి.

పట్టీ కట్టుకోవడం

వీ వచ్చిన కొత్తలో చేతిలోంచి రిమోట్ జారి టీవీలు పగిలిన కథలు ఇన్నీ అన్నీ కావు. 2006 డిసెంబర్‌లోనే నింటెండో పాత పట్టీలకు బదులు మందమైన తాడున్న పట్టీలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2007లో రిమోట్‌కు మెత్తటి సిలికాన్ తొడుగు కూడా వచ్చింది. పాత వీ ఎక్కడైనా సంపాదించి ఆడుతుంటే పట్టీ తాడు పోగులు తేలిందేమో చూడండి, తేలితే మార్చేయండి.

పట్టీని మణికట్టు ఎముక దాటించి, జారుముడి బిగించాలి. వేలు దూరేంత వదులు చాలు. వదులుగా గాజులా వేలాడితే అది ఉన్నా లేనట్టే.

జాయ్-కాన్ పట్టీతో ఇంకో తిప్పలుంది. కుడి దానికి ప్లస్ గుర్తు, ఎడమ దానికి మైనస్ గుర్తు ఉంటాయి. పట్టీ మీద కూడా అవే గుర్తులు ఉంటాయి, రెండూ కలిసేలా తోయాలి. తిరగేసి తోస్తే లోపలికి వెళ్తుంది గానీ బయటకు రాదు, లాగలేక చచ్చిపోతారు. సరిగ్గా తోశాక కింద ఉన్న చిన్న మీటను నొక్కి లాక్ చేయండి. తీసేటప్పుడు ముందు ఆ లాక్ విప్పడం మరిచిపోవద్దు.

ఇక పట్టు. కొత్తవాళ్లు కంట్రోలర్‌ను పిండేస్తారు. పిడికిలి ఆట మొత్తం బిగిసి ఉంటే ముంజేయి పది నిమిషాల్లో రాయిలా మారుతుంది, పంచ్ వేగం పడిపోతుంది. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోండి: జారిపోకూడదు, నలిగిపోకూడదు. పంచ్ చివర్లో మాత్రం ఒక్క క్షణం బిగించి మళ్లీ వదులు చేయండి. ఆ ఒక్క క్షణపు బిగింపే మీ బ్రేకు.

ఏ సామాను కొనాలి, ఏది వద్దు

బాక్సింగ్ ఆటకు సామాను తగిలించే పిచ్చి ఇప్పటిది కాదు. 1976లో సెగా తెచ్చిన హెవీవెయిట్ చాంప్ ఆర్కేడ్ యంత్రానికే బాక్సింగ్ గ్లోవ్ ఆకారంలో మీటలుండేవి. 1989లో నింటెండో పాత కన్సోల్ కోసం పవర్ గ్లోవ్ వచ్చింది. చూడ్డానికి మహా గొప్పగా ఉండేది, ఆడటానికి మాత్రం అంత సుఖంగా ఉండేది కాదు. ఇప్పటికీ దుకాణాల్లో కనిపించే చాలా సామానుకు అదే జాతకం.

కంట్రోలర్‌ను లోపల దూర్చుకునే స్పాంజి గ్లోవ్‌లు అందరికీ ముందు కంటపడతాయి. పిల్లలకు సరదాగా ఉంటాయి, కాదనను. నేను కొన్న జతలో కంట్రోలర్ చుట్టూ ఖాళీ ఉండేది. పంచ్ ఆపగానే అది లోపల ఒకసారి ఎగిరి పడేది, ఆట దాన్ని ఇంకో పంచ్ అనుకునేది. కొనేముందు ఒకటే పరీక్ష: కంట్రోలర్ పెట్టి గ్లోవ్‌ను చెవి దగ్గర ఊపండి. చప్పుడు వస్తే తిరిగి ఇచ్చేయండి. వీఆర్ కంట్రోలర్‌కు నిజమైన బాక్సింగ్ గ్లోవ్ తొడగాలని మాత్రం చూడకండి. కాంతి చుక్కలు కప్పబడిపోతాయి, కెమెరాలకు చెయ్యే కనిపించదు.

వీఆర్‌లో డబ్బు పెట్టదగ్గది వేలి కణుపుల మీదుగా వెళ్లే పట్టీ ఉన్న గ్రిప్. దాంతో వేళ్లు వదిలేసినా కంట్రోలర్ చేతికి అంటుకునే ఉంటుంది, పిండాల్సిన అవసరం పోతుంది. కొన్ని కంట్రోలర్లలో బ్యాటరీ మూత సరిగ్గా అరచేయి కింద ఉంటుంది, చెమటకు జారి ఊడుతుంది. గ్రిప్ దాన్ని కూడా పట్టి ఉంచుతుంది. మొహానికి తగిలే స్పాంజి మీద సిలికాన్ తొడుగు రెండోది. స్పాంజి చెమట పీల్చి వాసన కొడుతుంది, సిలికాన్‌ను తుడిస్తే సరిపోతుంది. నుదుటికి గుడ్డ పట్టీ కట్టుకుంటే చెమట లెన్స్‌ల మీదకు కారదు. కళ్లద్దాలు పెట్టుకునేవారు హెడ్‌సెట్‌కు లెన్స్‌లను కాస్త దూరం జరిపే స్పేసర్ తగిలించుకోవాలి, లేకపోతే మీ కళ్లద్దాలు హెడ్‌సెట్ లెన్స్‌లను గీకేస్తాయి.

బరువు గ్లోవ్‌లు, మణికట్టు బరువుల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒక్కో జాయ్-కాన్ బరువు సుమారు 50 గ్రాములు. దానికి అర కిలో బరువు తోడైతే చేతి చివర పది రెట్లు అదనం. ఆ బరువు పంచ్ చివర్లో ముందుకు పోతూనే ఉండాలని చూస్తుంది, ఆపాల్సింది మీ మోచేయి, భుజం. సంచి గుద్దేటప్పుడు కూడా బరువులు జాగ్రత్తగా వాడతారు, గాలిని గుద్దేటప్పుడు ఇంకా ఆలోచించాలి. మొదటి రెండు నెలలు వాటి జోలికి పోవద్దు. ఎక్కువ కష్టపడాలనుకుంటే ఇంకో రౌండ్ ఆడండి, మోకాళ్లు ఇంకాస్త వంచండి. బరువు కావాలనిపించినా పావు కిలో దాటకుండా, నెమ్మది పంచ్‌లతో మొదలుపెట్టండి.

వీలో మరో సరదా సామాను ఉంది. 2009లో వచ్చిన వీ పంచ్-ఔట్ ఆటలో బ్యాలెన్స్ బోర్డు (ఒంటి బరువు ఎటు ఒరిగిందో కనిపెట్టే పలక) మీద నిలబడి పక్కలకు ఒరిగితే మీ బాక్సర్ తప్పుకుంటాడు. బోర్డు మీంచి కాలు జారకుండా చూసుకోగలిగితే మంచి కాలక్షేపం. నాకు మాత్రం గుద్దడం, ఒరగడం రెండూ ఒకేసారి కుదరక దాన్ని మంచం కింద పెట్టేశాను.

ఆటకు ముందు సెట్టింగులు

స్విచ్‌లో జాయ్-కాన్ పంచ్‌లు తప్పిపోతుంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్లు, సెన్సర్ల భాగంలోకి వెళ్లి మోషన్ కంట్రోల్‌ను సరిచేయండి. కన్సోల్ నుంచి విడదీసి, కదలని బల్ల మీద చదునుగా పెట్టాలి. మంచం మీద, ఒళ్లో పెట్టి చేస్తే ఉన్న లోపం ఇంకాస్త పెరుగుతుంది.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేకపోతే టీవీ బొమ్మకు నగిషీలు చెక్కుతూ తెర మీద చూపడానికి ఆలస్యం చేస్తుంది. ఫిట్‌నెస్ బాక్సింగ్ లాంటి తాళం మీద నడిచే ఆటల్లో ఆ ఆలస్యమే "ముందే కొట్టారు", "లేటుగా కొట్టారు" అని మీ ఖాతాలో పడుతుంది. కన్సోల్‌ను టీవీ వెనక లోహపు అరలో దాచకండి, కంట్రోలర్ సిగ్నల్ తెగిపోతుంటుంది.

వీఆర్‌లో ముందుగా లెన్స్‌ల దూరం మీ కళ్ల దూరానికి సరిపెట్టుకోండి. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లు అని మూడే స్థానాలుంటాయి, క్వెస్ట్ 3లో చిన్న చక్రం తిప్పి ఎంతకావాలంటే అంతకు పెట్టుకోవచ్చు. బొమ్మ మసగ్గా ఉంటే ఎదుటివాడి పంచ్ దూరం తప్పుగా అంచనా వేస్తారు, తల కూడా నొప్పెడుతుంది. గదిలో వెలుతురు సమంగా ఉండాలి. చీకటి పనికిరాదు, కిటికీలోంచి ఎండ సూటిగా పడినా పనికిరాదు. పెద్ద అద్దం ఉంటే దుప్పటి కప్పండి, అందులో మెరిసే కాంతి కెమెరాలను తికమక పెడుతుంది. ఆటలో గ్లోవ్ కోణం మార్చే సెట్టింగ్ ఉంటే, పిడికిలి బిగించి ముందుకు చాచి, తెరలో కనిపించే గ్లోవ్ మీ వేలి కణుపుల దిక్కే చూస్తోందా అని సరిచూసుకోండి. చాలామంది మణికట్టు వంచి కొట్టడానికి కారణం ఈ కోణం తేడాయే.

నిలబడటం, కొట్టడం

కుడిచేతి వాటం వారైతే ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక. పాదాల మధ్య భుజాలంత వెడల్పు. మోకాళ్లు కొంచెం వంచి, వెనక మడమ కొద్దిగా నేల వదిలేలా ఉండండి. గడ్డం కిందికి, పిడికిళ్లు చెంపల దగ్గర, మోచేతులు డొక్కలకు దగ్గరగా. ఎడమచేతి వాటం వారు కాళ్లు, చేతులు అటుదిటు మార్చుకోవాలి.

కన్సోల్ ఆన్ చేయకుండానే ఈ భంగిమలో ఐదు నిమిషాలు భుజాలు, మణికట్లు తిప్పుతూ, నెమ్మదిగా గాలిలోకి చేతులు చాస్తూ ఒళ్లు వేడెక్కించండి. తర్వాత ఒక్కో పంచ్‌ను నీళ్లలో కదిలినట్టు నెమ్మదిగా అభ్యాసం చేయండి.

జాబ్ అంటే ముందు చేతితో సూటిగా కొట్టేది. చెయ్యి చాచేటప్పుడు భుజం ముందుకు వస్తుంది, అరచేయి నేల వైపు తిరుగుతుంది. మోచేయి పూర్తిగా తిన్నగా అవకముందే, ఇంకా కాస్త వంపు మిగిలి ఉండగానే ఆపండి. ఆపిన మరుక్షణం వచ్చిన దారినే చెంప దగ్గరికి లాగండి. లాగడాన్ని పంచ్‌లో సగంగా లెక్కపెట్టండి. వేడి పెనాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారే, ఆ వేగంతో రావాలి. ఈ లాగుడు మోచేయిని కాపాడుతుంది, సెన్సర్‌కు పంచ్ ఎక్కడ ముగిసిందో తెలుపుతుంది, మొహాన్ని కాచే చెయ్యి వెంటనే తిరిగొచ్చేలా చేస్తుంది. ఇన్ని లాభాలున్న అలవాటు ఈ ఆటలో ఇంకోటి లేదు.

క్రాస్ వెనక చేతితో కొట్టేది. దీని బలం చేతిలో పుట్టదు. వెనక మడమ బయటికి తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే భుజం వస్తుంది, చెయ్యి చివర్లో చేరుతుంది. జాయ్-కాన్‌కు మీ మడమ కనిపించదు నిజమే. కానీ మడమ తిప్పకుండా కొడితే బలమంతా భుజం నుంచే తీయాల్సి వస్తుంది, పది నిమిషాల్లో భుజం పట్టేస్తుంది.

హుక్‌లో మోచేయి వంపు సుమారు లంబకోణంలో ఉండాలి. చెయ్యి ఒక్కటే గాలిలో ఈదేలా కాకుండా నడుముతో పాటు తిరగాలి. పిడికిలి మీ ముక్కు ముందుకు రాగానే ఆపండి. దాన్ని దాటనిస్తే ఒళ్లు చక్కర్లు కొట్టి కాళ్లు ముడిపడతాయి. ఇంట్లో సామాను పగిలేది కూడా ఎక్కువగా ఈ పంచ్‌తోనే. అప్పర్‌కట్‌కు మోకాళ్లు కాస్త వంచి లేస్తూ, పిడికిలిని గడ్డం ఎత్తు దాకా తేవాలి. అంతకు పైకి పంపకండి, పైన దీపం ఉంది.

తప్పుకోవడం విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: వంగాల్సింది మోకాళ్లు, నడుము కాదు. హెడ్‌సెట్ బరువు నుదుటి మీద వేలాడుతున్నప్పుడు నడుము వంచి తల ముందుకు పడేస్తే మెడ ఊరుకోదు.

ఆటను బట్టి కిటుకులు

వీ స్పోర్ట్స్ బాక్సింగ్‌లో ఒక పంచ్ తెర మీద పూర్తయ్యాకే రెండోది కొట్టండి. హడావుడిగా పది కొడితే రెండు లెక్కకొస్తాయి. చేతులు రెండూ ఒకే పక్కకు వంచితే మీ బొమ్మ అటు ఒరుగుతుంది. ఎదుటివాడు కొట్టగానే ఒరిగి, వాడు తేరుకునేలోపు రెండు గుద్దండి. పిడికిళ్లు మొహం దగ్గర పెడితే తలకు, కిందికి దించితే పొట్టకు కాపు. ఒక్క బటనూ అక్కర్లేదు.

ఆర్మ్స్‌లో జాయ్-కాన్‌లు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా, బొటనవేళ్లు పైన పెట్టి పట్టుకోవాలి. చేతులు స్ప్రింగుల్లా సాగుతాయి. పంచ్ వెళ్తుండగా మణికట్టు మెలిపెడితే అది వంకర తిరుగుతుంది. రెండూ ఒకేసారి కొడితే ఎదుటివాడిని పట్టుకుని విసురుతారు. ఒక చెయ్యి కాపలాకు ఉంచి ఒకటే పంపడం అలవాటు చేసుకోండి. రెండు చేతులూ దూరంగా పోయినప్పుడు మీరు ఖాళీగా దొరికిపోతారు.

ఫిట్‌నెస్ బాక్సింగ్‌లో ప్రత్యర్థి లేడు, తాళమే ప్రత్యర్థి. తెర మీద గుర్తు గీత చేరినప్పుడు పంచ్ కొసకు చేరాలి, మొదలవడం కాదు. అంటే అర తాళం ముందే భుజం కదలాలి. స్కోరు కోసం ఆత్రపడక మొదటి వారం నెమ్మది పాఠాలే చేయండి.

వీఆర్‌లో ద థ్రిల్ ఆఫ్ ద ఫైట్ నిజమైన బాక్సింగ్‌కు దగ్గరగా ఉంటుంది. తెర మీద ఓపిక ఎంత మిగిలిందో చూపే గీత ఉండదు, మీ ఊపిరే ఓపిక గీత. మొదటి రౌండ్ మొదటి నిమిషంలోనే ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తే మిగతా సమయం చేతులు ఎత్తలేక తన్నులు తింటారు. జాబ్‌తో దూరం కొలుస్తూ, ఎదుటివాడు కొట్టి ఖాళీ ఇచ్చినప్పుడే క్రాస్ పంపండి. క్రీడ్: రైజ్ టు గ్లోరీ వేరే పద్ధతి. అలసిపోతే ఆటలోని చేతులు మీ చేతుల కంటే వెనకబడి నెమ్మదిగా కదులుతాయి. అప్పుడు ఇంకా కొట్టడం దండగ, పిడికిళ్లు మొహానికి కాపుగా ఎత్తి ఊపిరి కూడగట్టుకోండి.

ఎంతసేపు, ఎన్నాళ్లు

మొదటి వారం రోజుకు 10 నిమిషాలు, రోజు మార్చి రోజు. మనసు ఇంకో రౌండ్ అంటుంది, వినకండి. కండరాలు అలవాటు పడినంత త్వరగా కీళ్లు అలవాటు పడవు. మర్నాటి ఒంటినొప్పి కండలో ఉంటే ఫర్వాలేదు. మోచేయి, మణికట్టు, భుజం కీలు లోపల సూది గుచ్చినట్టుంటే ఆట ఆపేసి, తగ్గేదాకా కంట్రోలర్ ముట్టుకోవద్దు. తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు వీఆర్ బాక్సింగ్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి. గుండె వేగం సరదాగా మొదలై చాలా పైకి వెళ్తుంది.

రౌండుకూ రౌండుకూ మధ్య నిజమైన బాక్సర్లకు ఒక నిమిషం విరామం ఉంటుంది. మీరూ తీసుకోండి. హెడ్‌సెట్ నుదుటి మీదికి ఎత్తి, నీళ్లు తాగి, నేల మీద చాప ఇంకా మధ్యలోనే ఉందో లేదో చూడండి. కళ్లు తిరిగినా, కడుపులో వికారంగా ఉన్నా ఆ పూటకు చాలు. ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవడం పొరపాటు, అలా చేస్తే మర్నాడు హెడ్‌సెట్ చూడగానే వికారం మొదలవుతుంది.

ఆట అయ్యాక

చెమట తడిమీద ఉన్న దేన్నీ చార్జింగ్‌కు పెట్టకండి. కంట్రోలర్లను పొడి గుడ్డతో తుడిచి, గ్రిప్‌లు విప్పి, గాలి తగిలేలా అరగంట వదిలేయండి. లెన్స్‌లను అద్దాలు తుడిచే మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, స్పిరిట్, శానిటైజర్ వాడితే పైపూత పోతుంది. సిలికాన్ తొడుగును విడిగా తీసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తగిలించండి. ఆరబెట్టాలి కదా అని హెడ్‌సెట్‌ను ఎండలో మాత్రం పెట్టొద్దు. లెన్స్‌లు భూతద్దాల్లా పనిచేసి ఎండను లోపలి తెర మీద ఒక చుక్కగా పోగుచేస్తాయి, కొద్ది నిమిషాల్లోనే తెర మీద చెరగని మచ్చ పడుతుంది. లెన్స్‌లు కిందికి ఉండేలా గుడ్డ కప్పి, కిటికీకి దూరంగా అలమరలో పెట్టండి.